70 వేల కిలోమీటర్ల సర్వీసుకు 21,900 ఎస్టిమేట్ – షోరూమా, షెడ్డా, బెజవాడ ఆటోనగరా?

నిజాంపేట్_స్విఫ్ట్
అందరికీ నమస్తే. నాది 2016 స్విఫ్ట్ పెట్రోల్, మీటర్ మీద 69,300 ఉంది. ఇన్నేళ్లూ అన్ని సర్వీసులూ షోరూమ్‌లోనే, అలవాటు కొద్దీ. మొన్న శనివారం పొద్దున బండి ఇచ్చి వచ్చాను, గంటన్నరకి వాట్సాప్‌లో ఎస్టిమేట్ పంపారు, 21,900. మామూలు సర్వీసు (ఆయిల్, ఫిల్టర్లు, లేబర్) 6,200. ముందు బ్రేక్ ప్యాడ్లు 2,900. లోయర్ ఆర్ములు రెండూ, లింక్ రాడ్లూ (ముందు చక్రాల సస్పెన్షన్ సామాను) కలిపి 5,700. ఏసీ ఎవాపరేటర్ క్లీనింగ్ 1,500, ఇంజిన్ డీకార్బనైజింగ్ (లోపలి మసి తీయడం) 1,700, కింద యాంటీ రస్ట్ కోటింగ్ 3,200, వైపర్లు 700.

నేను చెప్పిన కంప్లయింట్ ఒక్కటే. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేటప్పుడు ముందు ఎడమ వైపు టక్ టక్ మంటోంది, అంతే. మిగతావన్నీ వాళ్లు కనిపెట్టినవే. ఆలోచించి చెప్తానని బండి తెచ్చేసుకున్నాను, చెకింగ్ చార్జీ 500, దాని మీద జీఎస్టీ కలిపి 590 కట్టించుకున్నారు.

సంక్రాంతికి పిల్లలతో బెజవాడ వెళ్లాలి, కాబట్టి బండి సరిగ్గా ఉండాలి. నాన్నేమో "అక్కడ డబ్బులు తగలెయ్యకు, ఇక్కడికి తెచ్చెయ్, ఆటోనగర్‌లో నాలుగు వేలల్లో చేయిస్తా" అంటున్నారు. కానీ నాకు ముందు బండి అక్కడిదాకా క్షేమంగా వెళ్లాలి కదా. ఇంకోపక్క కారు సర్వీసు యాప్‌ల వాళ్లు 3,499 ప్యాకేజీ అని రోజూ మెసేజ్‌లు. మీరెక్కడ చేయిస్తున్నారు, ఎంతవుతోంది, ఏది నిజంగా అవసరమో ఎలా తెలుస్తుంది?

పాత_శాంత్రో
వైపర్లు 700ఆ? వానలు ఎప్పుడో పోయాయి, మళ్లీ జూన్ దాకా వాటితో పనేంటి భాయ్ 😀

లెక్కల_మాస్టారు
ఆ 21,900ని మూడు కుప్పలు పెట్టండి. ఎలాగూ చేయించాల్సినవి (6,200), ఎవరైనా కళ్లతో చూసి తేల్చాల్సినవి (ప్యాడ్లు, ఆర్ములు, రాడ్లు – 8,600), వాళ్ల నెల టార్గెట్ కోసం రాసినవి (7,100). మూడో కుప్ప కొట్టేస్తే 14,800. రెండో కుప్పలో ఎంత నిజమో తెలియాలి, అసలు సమస్య అదే.

ఇంకో మాట, ఎస్టిమేట్‌లో జీఎస్టీ రేటు ఎంత వేశారో చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి కారు విడిభాగాల మీద 28 నుంచి 18 శాతానికి దిగింది. లేబర్ మీద ముందూ 18, ఇప్పుడూ 18. మా కాలనీలో ఒకాయనకు దసరా తర్వాత కూడా పాత రేటుతోనే బిల్లు ఇచ్చారు, గట్టిగా అడిగితే "సిస్టమ్ అప్‌డేట్ కాలేదండి" అన్నారట.

3,499 ప్యాకేజీ సంగతి. మీ ఇంజిన్‌కు ఫిల్టర్‌తో కలిపి మూడు లీటర్ల పైచిలుకు ఆయిల్ పడుతుంది. వాళ్లు పోసేది ఏ గ్రేడు, సీల్డ్ డబ్బానా, డ్రమ్ములోంచి తీసి పోస్తారా, ఈ రెండు ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్తే వెళ్లండి. "కంపెనీ గ్రేడే సార్" అంటే అది జవాబు కాదు.

కొత్త_డ్రైవరమ్మ
ఇది చదువుతుంటే నా కథే గుర్తొచ్చింది. నేను ఒక్కదాన్నే బండి తీసుకెళ్తే మొదట వచ్చే మాట "మేడమ్, సార్ నంబర్ ఇవ్వండి, ఎస్టిమేట్ ఆయనకు పంపుతాం". బండి నా పేరు మీద, డబ్బు నాది, నడిపేది నేను, ఆయనకు స్కూటీ తప్ప రాదు. రెండేళ్ల కిందట ఇలాగే క్లచ్ ప్లేట్ పోయిందని 11 వేలు చెప్పారు. నాకేం తెలీదు కాబట్టి ఒకటే అడిగాను, "మార్చకపోతే ఏమవుతుంది, ఎన్నాళ్లు నడుస్తుంది?" అని. ఆ అబ్బాయి కాసేపు నీళ్లు నమిలి "ఇంకో పది వేల కిలోమీటర్లు నడవొచ్చు మేడమ్" అన్నాడు. ఇప్పటికి పద్దెనిమిది వేలు తిరిగింది, అదే క్లచ్చు.

అప్పటినుంచి ప్రతి ఐటెమ్‌కూ అదే ప్రశ్న. రెండోది, మార్చిన పాత సామాను డిక్కీలో పెట్టించుకుంటాను. చెత్తే అయినా సరే. డిక్కీలో పెట్టమని ముందే జాబ్ కార్డు మీద రాయిస్తే మార్చకుండా మార్చామనే వాళ్లు కొంచెం జంకుతారు.

షెడ్డు_మావయ్య
బాబూ, నేను గుంటూరు ఆటోనగర్‌లో షెడ్డు నడుపుతాను, 28 ఏళ్లయింది. ఎక్కువగా మారుతీలే చేస్తాను. నా దగ్గరకు రమ్మని చెప్పటంలేదు, నువ్వున్నది హైదరాబాదు, సంగతి మాత్రం చెప్తా విను.

చిన్న గతుకులకు టక్ టక్ అనేది నూటికి ఎనభై సార్లు లింక్ రాడ్డే. లోయర్ ఆర్ము బుష్షు పోతే శబ్దం వేరు, బ్రేకు తొక్కినప్పుడు, స్టీరింగ్ మొత్తం తిప్పినప్పుడు డుబ్బుమంటుంది, బండి ఒకవైపు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. బండిని జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆర్ము చివరి కీలు, అదే బాల్ జాయింట్, ఎంత వదులైందో తెలిసిపోద్ది. ఐదు నిమిషాల పని. ఆర్ములు రెండు పక్కలా ఒకేసారి పోవాలని రూలేం లేదు. వాళ్లు రెండూ రాశారంటే ఊపి చూడలేదని నా అనుమానం, కిలోమీటర్లు చూసి రాసుంటారు.

ప్యాడ్లు ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నాయో చెప్పారా? కొత్తది పది దాకా ఉంటుంది. మూడుకు వచ్చిందంటే మార్చెయ్యాలి. ఐదు, ఆరు ఉంటే నిమ్మళంగా తిరగొచ్చు. నెంబరు చెప్పకుండా "అరిగిపోయాయి సార్" అంటే అది చెకింగు కాదు.

డీకార్బనైజింగు – పికప్ బాగుంటే, ఐడిలింగు బాగుంటే దాని జోలికి పోవద్దు. ఏసీ వాసనొస్తే క్లీనింగు చేయించు, రాకపోతే వద్దు.

ఇక ఫ్రీ చెకప్ గురించి. ఊరికే చూసేవాడు ఆ పూట కూలి ఎక్కడో ఒక దగ్గర రాబట్టుకోవాలి గదా. అందుకే నువ్వు ఒక మంచి మెకానిక్కు దగ్గరకు పోయి "అన్నా, ఐదొందలు ఇస్తా, నాలుగు చక్రాలూ విప్పి చూసి కాగితం మీద రాసివ్వు, రిపేరు నీ దగ్గర చేయించను" అని ముందే చెప్పు. అప్పుడు వాడికి అబద్ధం చెప్పాల్సిన పనిలేదు. ఈ మాట షెడ్డు వాడిగా నాకు నష్టమే, అయినా చెప్తున్నా.

నిజాంపేట్_స్విఫ్ట్
@షెడ్డు_మావయ్య గారూ చాలా థాంక్స్. ప్యాడ్లు ఎన్ని మిల్లీమీటర్లో చెప్పలేదు. వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టారు, అది మా బండిదో కాదో కూడా తెలీదు, చక్రం రంగు తేడాగా ఉంది!

మణికొండ_బాలెనో
నేను షోరూమ్ పక్షం. తిట్టుకోండి. మాది 2024 డిసెంబర్ బాలెనో, బయట ముట్టుకుంటే వారంటీ పోతుందని సర్వీస్ అడ్వైజర్ రెండుసార్లు చెప్పాడు. 2024 జూలై నుంచి మారుతి వారంటీని మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లు చేసింది, అంత వారంటీని రెండు వేల తేడా కోసం పోగొట్టుకోవడం తెలివైన పనేనా? రికార్డు ఉంటే అమ్మేటప్పుడు రేటు కూడా వస్తుంది.

లెక్కల_మాస్టారు
వారంటీ ఉన్నన్నాళ్లూ మీరు చేస్తున్నదే సరి, వాదన లేదు. కానీ "బయట ముట్టుకుంటే పోతుంది" అన్న ఆ మాట మీద పెద్ద కథే ఉంది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్లో పోటీని కాపాడే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల జరిమానా వేసింది. విడిభాగాలను బయటి మార్కెట్లో దొరకనివ్వకుండా, బయటి మెకానిక్కులకు రిపేరు సమాచారం ఇవ్వకుండా చేస్తున్నారని. బయట రిపేరు చేయిస్తే వారంటీ మొత్తం రద్దు అనే గుండుగుత్త షరతు పెట్టొద్దని కూడా అందులోనే చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకు, కోర్టులకు వెళ్లాయి, 2016లో ట్రిబ్యునల్ కొన్ని కంపెనీల విషయంలో జరిమానా తగ్గించింది గానీ తప్పు తప్పేనంది.

అయితే కౌంటర్ దగ్గర ఈ తీర్పు చదివి వినిపిస్తే ఎవరూ వినరు, ఇంజిన్ పోయినప్పుడు ఏడాది తిరగాల్సింది మనమే. కాబట్టి మీరు మూడేళ్లూ షోరూమ్‌కే వెళ్లండి, ఆయిల్ సర్వీసు మాత్రమే చేయించుకుని మిగతావి వద్దని రాసివ్వండి. వద్దంటే వారంటీ పోదు. మాన్యువల్‌లో ఉన్న షెడ్యూలులో డీకార్బనైజింగ్ ఎక్కడుందో చూపించమనండి, సరదాగా ఉంటుంది.

నిజాంపేట్ గారిది తొమ్మిదేళ్ల బండి. ఆయనకు ఈ భయం లేదు.

షెడ్డుతో_కాలినవాడు
అందరూ షోరూమ్‌ని తిడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తా. మా వీధి చివర షెడ్డు, తెలిసినాయనే, అన్నా అంటే అన్నా. ఆయిల్ మార్చి 2,600 తీసుకున్నాడు, నేను తెగ మురిసిపోయా. నెలకు పార్కింగ్‌లో నల్ల మరక. కింద డ్రెయిన్ బోల్టును పైపు పెట్టి బిగించాడట, మర కోసుకుపోయింది. ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే సంప్ మార్చాల్సి వచ్చింది. ఆయిల్ ఫిల్టర్ కూడా డూప్లికేట్, డబ్బా మీద కంపెనీ పేరులో ఒక అక్షరమే తప్పు! మొత్తం మీద ఆదా చేసిన మూడు వేలకు తొమ్మిది వేలు వదిలాయి. బిల్లు లేదు కాబట్టి ఎవర్ని అడగాలి? అన్ననే కదా. అన్న "నేను బాగానే బిగించాను తమ్ముడూ" అన్నాడు. ఇప్పుడు ఆ వీధి గుండా వెళ్లడం కూడా మానేశాను, మొహమాటం.

షెడ్డు_మావయ్య
మర కోసెయ్యటం కుర్రాళ్ల పని బాబూ, పాపం నేర్చుకునేవాళ్లకి అప్పజెప్పి యజమాని టీకి పోతాడు. నా షెడ్డులోనూ ఒకసారి జరిగింది, నా డబ్బులతో సంప్ వేసిచ్చా. చిన్న షెడ్డయినా చేతిరాత బిల్లు అడిగి తీసుకోండి, తేదీ, మీటరు రీడింగు, సంతకం. ఇవ్వనంటే పక్క షెడ్డు.

రాణిగంజ్_పార్ట్స్
సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మాకు విడిభాగాల కొట్టుంది, అందుకే ఈ ముక్క. ఒకే సామాను మూడు రకాలుగా దొరుకుతుంది. కారు కంపెనీ బాక్సులో వచ్చేది, ఆ కంపెనీకి సప్లై చేసేవాళ్లే సొంత పేరుతో అమ్మేది, ఇక ఎవడు చేశాడో తెలియని లోకల్. రెండో రకం చాలామందికి తెలీదు. బ్రేకులకు టీవీఎస్ గిర్లింగ్, స్టీరింగ్ సస్పెన్షన్ సామానుకు రానే, లైట్లకు లుమాక్స్, ఇంకా బాష్, ఇలాంటివి. ఇవి కంపెనీలకు సప్లై చేసే పేర్లే, బాక్సు మీద కారు కంపెనీ ముద్ర ఉండదు కాబట్టి రేటు తక్కువ. అంటే మీ బండికి సరిగ్గా అదే వేశారని కాదు, నాణ్యతలో ఆ వరుసలోవి అని.

లోకల్ మాత్రం బ్రేకులకూ స్టీరింగ్‌కూ వద్దే వద్దు. డోర్ హ్యాండిలు, మడ్‌గార్డు లాంటివైతే మీ ఇష్టం. సామాను మీరే కొనుక్కుని మెకానిక్కుకు ఇస్తే కొందరు ముఖం మాడ్చుకుంటారు, ఎందుకంటే వాళ్ల మార్జిన్ సామాను మీదే. అప్పుడు లేబర్ వంద, రెండొందలు ఎక్కువ ఇస్తానని ముందే చెప్పండి. ముఖం విచ్చుకుంటుంది.

గాజువాక_వేగనార్
యాంటీ రస్ట్ కోటింగ్ దండగ అని లెక్కల మాస్టారు మూడో కుప్పలో పడేశారు గానీ అది హైదరాబాద్ మాట. మా వైజాగ్‌లో సముద్రం గాలికి సైలెన్సర్ దగ్గర్నుంచి తుప్పు. మా పాత బండికి ఐదేళ్లకే కింద రేకు వేలితో పొడిస్తే రాలింది. ఇక్కడ రెండేళ్లకోసారి కోటింగ్ కొట్టించడం ఖర్చు కాదు. కాకినాడ, మచిలీపట్నం వాళ్లకూ అంతే. నిజాంపేటలో కొండరాళ్ల మధ్య తిరిగే స్విఫ్ట్‌కు ఎందుకో మాత్రం నాకూ అర్థం కాలేదు.

లెక్కల_మాస్టారు
ఒప్పుకుంటున్నాను. కోస్తా వాళ్లకు మొదటి కుప్పే.

ఫ్రిస్కో_తెలుగు
డాలస్ నుంచి చూస్తున్నా, ఇక్కడా ఇదే గొడవ. టెక్సాస్‌లో 2024 దాకా ప్రతి కారుకూ ఏటా సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఉండేది, షాపు వాడికి ఏడు డాలర్లు. ఏడు డాలర్లకు వాడికేం గిడుతుంది, అందుకే వైపరో బల్బో టైరో అంటగట్టేవాడు. 2025 జనవరి నుంచి ప్రైవేటు బండ్లకు ఆ పరీక్ష ఎత్తేశారు, ఫీజు 7.50 మాత్రం రిజిస్ట్రేషన్‌లో కలిపి ఉంచారు (ప్రభుత్వాలు ఎక్కడైనా ఒకటే). మాది కొలిన్ కౌంటీ కాబట్టి పొగ పరీక్ష ఇంకా ఉంది. మా తెలుగు గ్రూపులో ఇప్పుడు కొత్త టెన్షన్, పరీక్షే లేకపోతే బ్రేకులు ఎవరు చూస్తారు అని. షెడ్డు మావయ్య చెప్పినట్టు డబ్బులిచ్చి చూపించుకోవడమే, ఇక్కడ దానికి వంద డాలర్ల పైమాటే.

పాత_శాంత్రో
ఇన్‌స్పెక్షన్ అంటే గుర్తొచ్చింది. నా శాంత్రోకి వచ్చే మార్చితో 15 ఏళ్లు నిండుతాయి. ఆర్‌సీ రెన్యువల్‌కు బండి చూపించాలట. ఏజెంటు 14 వేలు అడుగుతున్నాడు, "లోపల అంతా నేను చూసుకుంటా" అంటున్నాడు. బండి కన్నా అదే ఎక్కువ రేటులా ఉంది.

రిటైర్డ్_ఎంవీఐ
రవాణా శాఖలో మోటార్ వెహికిల్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైర్ అయ్యాను. ఏజెంటు అక్కర్లేదండి. గడువుకు 60 రోజుల లోపల ఫారం 25తో దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసుకుని బండి తీసుకెళ్లాలి. 15 ఏళ్లు దాటిన కారుకు కేంద్రం పెట్టిన రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000. దానికి తోడు రాష్ట్రం గ్రీన్ ట్యాక్స్, అది మీ బండి వివరాలు కొడితే పోర్టల్‌లోనే చూపిస్తుంది. పాసైతే ఐదేళ్లకు ఇస్తారు.

మేం చూసేది రాకెట్ సైన్సు కాదు. హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, బ్రేక్ లైట్లు వెలగాలి, హారన్ మోగాలి, టైర్లు బోడిగా ఉండకూడదు, బ్రేకులు పట్టాలి, హ్యాండ్ బ్రేక్ వేస్తే బండి ఆగాలి, తుప్పుతో రేకు ఊడిపోకూడదు. ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోవాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, నంబరు మీద పదిహేనేళ్ల మట్టి, గ్రీజు. ముందు రోజు కిరోసిన్‌తో తుడుచుకుని రండి. ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం తాజాగా ఉండాలి. పొల్యూషన్ లేకుండా దొరికితే చట్టంలో 10,000 దాకా ఫైను ఉంది, కేవలం వంద, రెండొందల దగ్గర లోభించి అది చేయించరు, ఎందుకో.

శాంత్రోను ముందు ఒక షెడ్డులో 500 ఇచ్చి ఈ జాబితా ప్రకారం చూపించండి. ఫెయిలయ్యే బండి అక్కడే తెలిసిపోతుంది, ఆఫీసు చుట్టూ రెండోసారి తిరిగే పని తప్పుతుంది.

పాత_శాంత్రో
సార్ మీరు ముందే ఈ ఫోరమ్‌లో ఉండి ఉంటే మా బావకు 9 వేలు మిగిలేవి. నమస్కారం.

మోడరేటర్
ఏజెంట్ల గురించి విడిగా థ్రెడ్ ఉంది, అక్కడ మాట్లాడుకోండి. మెకానిక్కుల ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు, పోయినసారి ఒకాయనకు రోజుకు వంద కాల్స్ వెళ్లి మనల్ని తిట్టాడు.

ఉప్పల్_కొత్తకారు
ఇదే థ్రెడ్‌లో నా డౌట్ కూడా. సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నాను. విజయవాడ రిజిస్ట్రేషన్ ఐ20, 2021 మోడల్, 38 వేలు తిరిగింది, మార్కెట్ కన్నా లక్షన్నర తక్కువ చెప్తున్నారు. ఇన్‌స్పెక్షన్ ఎవరితో చేయించాలి?

బెజవాడ_బండి
ఆగండి ఆగండి. విజయవాడ బండి, లక్షన్నర తక్కువ. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు మా సింగ్ నగర్‌లోకి వచ్చినప్పుడు ఎన్ని కార్లు డ్యాష్‌బోర్డు దాకా మునిగాయో నేను కళ్లారా చూశాను. మా అపార్టుమెంట్ సెల్లార్‌లోనే పదకొండు. నీళ్లు తీశాక ఆటోనగర్‌లో, ఊరి చుట్టూ షెడ్లలో మునిగిన బండ్ల వరసలు. కొన్నింటికి ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ (బాగుచేయడం దండగని మొత్తం క్లెయిమ్) ఇచ్చేశారు. అవన్నీ తుక్కుకే పోయాయని నేను అనుకోను, కడిగి, సీట్లు మార్చి, సెంటు కొట్టి బయటి ఊళ్లలో అమ్మేవాళ్లు ఉంటారు. మీరు చూసిన బండి అదేనని అనను, పాపం ఎవరో డబ్బు అవసరమై కూడా అమ్ముతుండొచ్చు. కానీ చూడాల్సినవి చెప్తా.

సీట్ బెల్టు చివరిదాకా బయటికి లాగండి, ఆ చివర బురద చార ఉంటుంది, అక్కడ ఎవరూ కడగరు. సీటు వెనక్కి జరిపి కింద పట్టాల మీద తుప్పు చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంటలో చెయ్యి పెట్టండి. కార్పెట్ ఒక మూల ఎత్తి వాసన చూడండి. ఏసీ పది నిమిషాలు ఫుల్లుగా పెడితే పాత బావి వాసన వస్తుంది, ఎంత సెంటు కొట్టినా. హెడ్‌లైట్ల లోపల నీటి గీత ఉందేమో చూడండి. నాలుగు అద్దాలూ ఆడుతున్నాయా, అన్ని బటన్లూ పనిచేస్తున్నాయా, ఎందుకంటే మునిగిన బండికి ఇంజిన్ బాగుచేయొచ్చు, వైరింగ్ మాత్రం ఏడాదికి ఒకటి ఒకటిగా చస్తుంది.

కాగితాల వైపు, రిజిస్ట్రేషన్ నంబరుతో కంపెనీ సర్వీసు సెంటర్‌లో హిస్టరీ అడగండి, ఓనరును వెంటబెట్టుకుని వెళ్తే చూపిస్తారు. 2024 సెప్టెంబర్, అక్టోబర్‌లో ఏముందో చూడండి. ఎంపరివాహన్ యాప్‌లో ఫైనాన్సు, ఇన్సూరెన్సు గడువు కనిపిస్తాయి. క్లెయిమ్ వివరాలు ఓనరు ద్వారానే ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర తెప్పించమనండి. "ఎందుకండీ అవన్నీ" అన్నాడంటే నాకు జవాబు దొరికినట్టే.

రిటైర్డ్_ఎంవీఐ
మంచి మాటలు. టైరు మీద నాలుగంకెల కోడు కూడా చూడండి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 38 వేలే తిరిగిన 2021 బండికి 2024 చివర్లో చేసిన టైర్లు నాలుగూ కొత్తవి ఉంటే, ఎందుకు మార్చారని అడగాలి.

ఉప్పల్_కొత్తకారు
సీట్ బెల్టు లాగాను. వెనక సీటుది. చివర గోధుమ రంగు చార. ఫొటో పెట్టాలనుకున్నా గానీ అమ్మేవాడు పక్కనే ఉన్నాడు. నవ్వి "పిల్లలు చాక్లెట్ పూశారండీ" అన్నాడు. వచ్చేశాను.

బెజవాడ_బండి
😂😂 చాక్లెట్ కాదు బాబూ, బుడమేరు.

నిజాంపేట్_స్విఫ్ట్
రెండు వారాల తర్వాత అప్‌డేట్ ఇస్తున్నా, ఆఫీసు పనితో కుదర్లేదు, సారీ.

షెడ్డు మావయ్య గారు చెప్పినట్టే చేశాను. మూసాపేట వైపు ఒక షెడ్డు, కొలీగ్ చెప్పింది. ఐదొందలు ఇస్తా, చూసి రాసివ్వు, రిపేరు ఇక్కడ కాదు అంటే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు, "ఇట్ల ఎవ్వరు అడగలే సార్" అన్నాడు. సరేనని నాలుగు చక్రాలూ విప్పాడు, నేను పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. లోయర్ ఆర్ములు ఊపి చూపించాడు, కదల్లేదు. ఎడమ లింక్ రాడ్ చేత్తో పట్టుకుంటేనే గలగల. ముందు ప్యాడ్లు స్కేలు పెట్టి కొలిచాం, ఐదు మిల్లీమీటర్లు.

ఇప్పుడు అసలు సంగతి. వెనక ఎడమ చక్రం డ్రమ్ము విప్పితే లోపలంతా తడి. వీల్ సిలిండర్ (బ్రేకు షూలను డ్రమ్ముకు నొక్కేది) లీకు, బ్రేక్ ఫ్లూయిడ్ మెల్లగా కారుతోంది. బానెట్ తెరిచి రిజర్వాయర్ చూస్తే మినిమం గీతకు కొంచెం పైన. షోరూమ్ ఎస్టిమేట్‌లో వైపర్లు ఉన్నాయి, కోటింగ్ ఉంది, ఇది మాత్రం లేదు. అప్పుడు 21,900 కట్టేసి ఉంటే మెరిసే బండిలో పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద ఈ బ్రేకుతో వెళ్లేవాణ్ని. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

మాట ఇచ్చాను గానీ అంత నిజాయితీగా చూసినాయనను వదిలి ఇంకెక్కడికో వెళ్లబుద్ధి కాలేదు, మర్నాడు ఆయన దగ్గరే చేయించాను. సామాను రాణిగంజ్ నుంచి నేనే తెచ్చాను: ఆయిల్ 1,650, ఆయిల్ ఫిల్టర్ 150, ఎయిర్ ఫిల్టర్ 350, లింక్ రాడ్లు జత 1,400, వీల్ సిలిండర్ 850, బ్రేక్ ఫ్లూయిడ్ 400. లేబర్ అంతా కలిపి 2,600, అందులో తడిసిన బ్రేక్ షూలు మంచివేనని శుభ్రం చేసి వేయడం కూడా. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ వేరేచోట 900. చెకింగ్ 500. మొత్తం 8,800, షోరూమ్‌లో కట్టిన 590 వేరే. చేతిరాత బిల్లు, మీటర్ రీడింగ్‌తో. పాత సామాను డిక్కీలో ఉంది @కొత్త_డ్రైవరమ్మ గారూ, మా ఆవిడ దాన్ని ఎప్పుడు పారేస్తావని అడుగుతోంది.

షెడ్డు_మావయ్య
అంతా బాగుంది, ఒక్కటి తప్ప. ఫ్లూయిడ్ తడిసిన బ్రేకు షూలు శుభ్రం చేసి వెయ్యకూడదు బాబూ. ఆ లైనింగు ఫ్లూయిడ్‌ని పీల్చుకుంటది, పైకి ఆరినట్టే ఉంటది, వేడెక్కితే పట్టు పోద్ది. ఆ మెకానిక్కు నీకు ఖర్చు తగ్గిద్దామనే చేసుంటాడు, మనిషి మంచోడే. అయినా బయల్దేరే ముందు వెనక షూలు సెట్టు మార్పించు, రెండు పక్కలా. ఇది మాత్రం రెండు పక్కలా మార్చాలి.

మణికొండ_బాలెనో
చూశారా, షెడ్డులోనూ తప్పు జరిగింది.

కొత్త_డ్రైవరమ్మ
జరిగింది, కానీ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు కాబట్టి ఏం చేశాడో ఆయనకు తెలిసింది, ఇక్కడ చెప్పగలిగారు, మావయ్య పట్టుకోగలిగారు. షోరూమ్‌లో మిమ్మల్ని అద్దం అవతల కాఫీ మెషిన్ దగ్గర కూర్చోబెడతారు కదండీ.

మణికొండ_బాలెనో
కాఫీ మాత్రం బాగుంటుంది. (సరే, ఒప్పుకున్నా. వచ్చేసారి లోపలికి వస్తానని అడుగుతా.)

నిజాంపేట్_స్విఫ్ట్
షూలు మార్పించేశాను, లేబర్‌తో 1,500. ఆయనకు మావయ్య గారి మెసేజ్ చదివి వినిపిస్తే "కరెక్టే చెప్పిండు, మీరు పైసలు ఎక్కువైతున్నయంటరేమోనని చెప్పలే" అని లేబర్‌లో రెండొందలు తగ్గించాడు.

బెజవాడ చేరాం. దారిలో శబ్దం లేదు, బ్రేకు పెడల్ గట్టిగా ఉంది. నాన్న ఊరుకుంటారా, వచ్చిన మర్నాడే ఆటోనగర్ తీసుకెళ్లారు, తన స్నేహితుడి షెడ్డుకు. ఆయన చక్రాలు తిప్పి చూసి, ప్యాడ్లు ఇంకో ఎనిమిది వేలు తిరగొచ్చు, ఏం చెయ్యక్కర్లేదు, టీ తాగి వెళ్లండి అన్నాడు. డబ్బులు తీసుకోలేదు. నాన్నకు అది నచ్చలేదు, అంత దూరం తెచ్చాక ఏదో ఒకటి చేయించాలి కదా. హారన్ మార్పించారు. ఇప్పుడు మా స్విఫ్టు లారీలా మోగుతోంది.